పెద్దమనిషి నోటి తీపి

మా ఆయన నోట "వద్దు" అన్న మాట ఇంట్లో పొద్దస్తమానం వినపడేది. కొత్త కుక్కర్ కొందామంటే వద్దు, గోడలకు సున్నం బదులు రంగు వేయిద్దామంటే వద్దు, రైలెక్కి ఎక్కడికైనా వెళ్ళొద్దామంటే అసలే వద్దు. గుమ్మం దాటి పరాయి ఇంట్లో అడుగు పెట్టారో, ఆ మాట ఎటు పోయేదో తెలియదు. ఎవరు ఏది పెడితే అది, ఎంత పెడితే అంత. "కాదంటే పాపం బాధపడతారే" అనేవారు. మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఈయనకు కడుపు రాలేదు గానీ గుండెకు ముప్పొచ్చింది. అది ఎలా వచ్చిందో చెబుతాను.

మాది మండపేట దగ్గర ఒక పల్లెటూరు. సొంత పొలం కొంత, కౌలుకు చేసేది కొంత. తొంభైలలో మా ఆయనకు వ్యవసాయం కన్నా పెద్ద పని ఇంకొకటి ఉండేది. సంబంధాలు కుదర్చడం. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య అని ఎవరైనా వేళాకోళమాడితే మండిపడేవారు. జనానికి ఆయన మీద గురి ఎందుకంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు. "కుర్రాడు బుద్ధిమంతుడే గానీ ముక్కు మీద కోపం ఉంటుందండి", "అమ్మాయికి ఒక కన్ను కాస్త మెల్లండి, పనిలో మాత్రం మహా చురుకు" అని రెండు వైపులా ముందే చెప్పేసేవారు. అందుకే ఆయన కుదిర్చిన పెళ్ళిళ్ళలో తర్వాత గొడవలు తక్కువ.

మా వైపు ఒక పద్ధతి ఉంది. రెండు వైపులవాళ్ళూ ఒక మాట అనుకున్నాక, తాంబూలాలకు ముందు, సంబంధం తెచ్చిన పెద్దమనిషి చేతిలో తీపి పెడతారు. ముందు ఆయన నోట్లో వేసుకోవాలి. తర్వాతే మిగతావాళ్ళకు పళ్ళేలు తిరుగుతాయి. పెద్దమనిషి తినలేదంటే ఆ సంబంధంలో ఆయనకు తెలిసిన లోపమేదో ఉందని, పైకి చెప్పలేక నోరు కట్టేసుకున్నాడని అర్థం. ఒకసారి పక్క ఊళ్ళో ఎవరో పంటి నొప్పితో లడ్డూ పక్కన పెట్టాడట. ఆడపెళ్ళివారు గింజుకుని గింజుకుని చివరికి ఆ సంబంధమే వదులుకున్నారు. నేను నోరెత్తినప్పుడల్లా మా ఆయన ఆ పంటి నొప్పివాడిని తెచ్చి నా ముందు నిలబెట్టేవారు.

ఆయనకు షుగర్ ఉందన్న సంగతి ఒక ముల్లు బయటపెట్టింది. దాళ్వా, అంటే రెండో పంట ఊడ్పుల రోజులు. పొలం నుంచి వచ్చి, చుట్ట ముట్టించుకుని, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. కాళ్ళకు నీళ్ళిద్దామని వెళ్ళి చూద్దును కదా, అరికాల్లో తుమ్మముల్లు! సగానికి పైగా దిగిపోయి, చుట్టూ చీము పట్టి ఉంది.

"ఏవండీ, ఇంత ముల్లు దిగితే తెలియలేదా?" అన్నాను. నాకే ఒళ్ళు జలదరించింది.

వంగి చూసుకుని నవ్వారు. "తెలియలేదే. చూశావా, ఎంత గట్టి ఒళ్ళో! మా నాన్నదీ ఇదే ఒళ్ళు."

నేను సూదితో ముల్లు తీస్తుంటే, ఆ కాలు తనది కానట్టు, పక్కింటాయనతో కాలువ నీళ్ళ గురించి మాట్లాడుతూ కూర్చున్నారు. ఆ పుండు నెల దాటినా మానలేదు. మా ఊరి ఆరెంపీ డాక్టరు గారు కట్లు కట్టీ కట్టీ విసుగొచ్చి, మండపేట వెళ్ళి రక్తం చూపించుకోమన్నారు. చూపిస్తే షుగర్. అదీ కొత్తగా వచ్చింది కాదట, ఎన్నేళ్ళ నుంచో ఉండి ఉంటుందన్నారు.

బిళ్ళలు రాసిచ్చారు. అన్నం తగ్గించమన్నారు, తీపి మానమన్నారు, చుట్ట మానమన్నారు, నడవమన్నారు. "రైతుకి నడవమని చెప్పేదేంటి" అని నడకను కొట్టిపారేశారు. చుట్ట సంగతి విననట్టే ఊరుకున్నారు. ఇంట్లో పథ్యం నేను చూసుకున్నాను. కాఫీలో పంచదార తీసేశాను, అన్నం గరిటె చిన్నది చేశాను. కాకరకాయ రసం, మెంతులు, నేరేడు గింజల పొడి, ఎవరు ఏది మంచిదంటే అది మింగించాను. పాపం నోరెత్తకుండా మింగేవారు. రోగం సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. ఊరివాళ్ళ అబ్బాయిల కోపాలూ అమ్మాయిల మెల్లకళ్ళూ చాటింపు వేసే మనిషి, తన షుగర్ మాత్రం గుట్టుగా దాచుకున్నారు.

"చెబితే ఏమవుతుందండీ?" అన్నాను ఒకసారి.

"చెప్పాక నా చేతిలో తీపి ఎలా పెడతారే? పెట్టకపోతే వాళ్ళకి వెలితి, పెడితే నీకు బాధ. ఎందుకొచ్చిన గొడవ."

ఆ గొడవ లేకుండా ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. తాంబూలాలకు వెళ్ళే రోజున ఒక బిళ్ళ ఎక్కువ వేసుకోవడం. దానికి విరుగుడు బిళ్ళ అని పేరు పెట్టారు. కాజాకు ఒక బిళ్ళ. కాజాతో పాటు పూతరేకు కూడా పెట్టే ఇల్లయితే రెండు. లోపలికి వెళ్ళిన తీపిని ఆ బిళ్ళ పట్టుకుని బయటికి గెంటేస్తుందని ఆయన లెక్క. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాను. "కడుక్కుంటున్నాను కదా, నీకేంటి?" అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మాఘం వచ్చిందంటే నాకు దడ మొదలయ్యేది. వైశాఖం వెళ్ళేదాకా ఆయన చొక్కా జేబులో ఆ బిళ్ళల అట్ట ఉండవలసిందే.

విరుగుడు ఎక్కువై ఒకసారి ఇంట్లోనే పడబోయారు. వెళ్ళవలసిన చోట తాంబూలాలు వాయిదా పడ్డాయి, బిళ్ళలు మాత్రం అప్పటికే కడుపులో పడ్డాయి. చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. గాభరాగా పంచదార నీళ్ళు తాగించాను. కాసేపటికే తేరుకుని, ఆకలేస్తోంది ఏమైనా పెట్టమన్నారు. ఆరెంపీ గారు వచ్చి, "షుగర్ డౌన్ అయిపోయిందమ్మా, పంచదార ఇచ్చి మంచి పని చేశారు" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చెమట పట్టిందంటే షుగర్ డౌన్, దానికి మందు పంచదార అని స్థిరపడిపోయింది. "చూశావా, నువ్వు తిట్టే పంచదారే నన్ను కాపాడింది" అని నన్ను ఏడిపించేవారు కూడా.

ఆ తర్వాతి మాఘమాసంలో నిడదవోలులో ఒక సంబంధం ఖాయమైంది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఇది పెద్దపిల్ల పెళ్ళి. పొద్దున్నే విరుగుడు వేసుకుని పెళ్ళికొడుకువాళ్ళ కారులో వెళ్ళారు. నేను వెళ్ళలేదు. అక్కడ జరిగింది, వెంట వెళ్ళినవాళ్ళు తర్వాత చెప్పగా విన్నదే.

మాటలన్నీ అయిపోయాయి, తీపి పళ్ళెం ఇంకా లోపలి నుంచి రాలేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి చెమటలు. చలికాలం పొద్దు, అందరూ వాకిట్లో ఎండ కాగుతున్నారు, ఈయన చొక్కా మాత్రం తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కడుపులో తిప్పుడు, నీరసం, త్రేన్పులు. నొప్పి అన్నది ఎక్కడా లేదు. నొప్పి లేదు కాబట్టి ఆయనకు అనుమానమూ రాలేదు. షుగర్ డౌన్ అయిందని తనకు తానే వైద్యం చెప్పుకుని, వాళ్ళతో మాత్రం "పొద్దున్న ఏమీ తినలేదండి, కాసిని పంచదార నీళ్ళు ఇప్పించండి" అన్నారు. తాగారు. చెమట ఆగలేదు. ఇంకో గ్లాసు ఇచ్చారు. అదీ తాగారు. "ఇప్పుడు బాగానే ఉందండి" అన్నారు, ఏమీ బాగుండకపోయినా. పళ్ళెం వచ్చేసింది మరి, అందరూ ఆయన వంకే చూస్తున్నారు. కాజా నోట్లో వేసుకున్నారు, నమిలారు, మింగారు. అందరి మొహాలూ విచ్చుకున్నాయి. తాంబూలాలు మార్చుకున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దున్న కాస్త షుగర్ డౌన్ అయిందే, పంచదార నీళ్ళు తాగితే తగ్గింది" అన్నారు. మర్నాడు పొలానికి వెళ్ళలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోయి, ఊపిరాడక లేచి కూర్చున్నారు. మళ్ళీ వాలబోయారు, మళ్ళీ లేచారు. పాదాలు చూస్తే వాచిపోయి ఉన్నాయి. ఇక ఆయన మాట వినలేదు. కారు మాట్లాడి రాజమండ్రి తీసుకుపోయాను. దారి పొడుగునా "గ్యాసేనే, ఎక్కడైనా ఆపించు, ఒక సోడా తాగితే పోతుంది" అంటూనే ఉన్నారు.

గుండె డాక్టరు గారు వయసులో చిన్నవారే, మా వైపు మనిషే. ఈసీజీ తీయించి, కాగితం వంక చూసి, "నొప్పి ఎప్పుడొచ్చిందండి?" అని అడిగారు.

"నొప్పేం రాలేదండి" అన్నారు మా ఆయన, కొంచెం గొప్పగానే.

"పోనీ, చెమటలేమైనా పట్టాయా?"

"ఆయ్, మొన్న పట్టాయండి. షుగర్ డౌన్ అయి."

డాక్టరు గారు పెన్ను కింద పెట్టారు. "అది షుగర్ డౌన్ కాదండి, గుండెపోటు. అప్పుడే వచ్చేసింది. గుండెలో కొంత కండ చచ్చిపోయింది."

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా మొగుడి గుండె పరాయివాళ్ళ వాకిట్లో కొట్టుకులాడుతుంటే, అందరూ చుట్టూ కూర్చుని కాజా తినిపించారా! "నొప్పి లేకుండా గుండెపోటేంటండీ?" అని డాక్టరు గారి మీదే అరిచినంత పని చేశాను.

డాక్టరు గారు ఏమీ అనుకోలేదు. "ఈయన కాళ్ళకి స్పర్శ తక్కువగా ఉంటుందా అమ్మా?" అన్నారు. ముల్లు సంగతి చెప్పాను. "అదేనమ్మా. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారిపోతాయి. కాళ్ళవి ఎలా మొద్దుబారాయో, గుండెవీ అలాగే. గుండె కష్టంలో ఉందన్న కబురు మనిషికి చేరదు. అందరికీ నొప్పి రూపంలో వచ్చేది, ఈయనలాంటి వాళ్ళకి చెమట రూపంలోనో, నీరసం రూపంలోనో, ఆయాసం రూపంలోనో వస్తుంది." గట్టి ఒళ్ళని మురిసిపోయిన మనిషి తల దించుకున్నారు. నాకు ఆయన మీద జాలేసింది, మళ్ళీ కోపమూ వచ్చింది.

తర్వాత తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపించి, మందు ఎక్కించి, గుండె రక్తనాళాలను ఫోటోలు తీశారు. తెర మీద మాకూ చూపించారు. ఒకచోట అడ్డం పడి ఉంటే దాన్ని తెరవడమో, పక్క నుంచి కొత్త దారి వేయడమో చేయవచ్చట. ఈయనవి మొదలు నుంచి చివరిదాకా సన్నబడిపోయి, గతుకులు గతుకులుగా ఉన్నాయి. కొత్త దారి కలపడానికి మంచి చోటే లేదన్నారు. మందులతో నెట్టుకు రావలసిందే. ఇంకోసారి ఇలాంటిది వస్తే ఈ గుండె తట్టుకోలేదని నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

"అయితే కాలవలో పూడిక పడిందంటారు" అన్నారు మా ఆయన, తెర వంక చూస్తూ.

"పూడిక తర్వాతి సంగతండి" అని డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "రక్తనాళం లోపల పలచటి పొర ఒకటి ఉంటుంది. నున్నగా ఉంటుంది, దేన్నీ అంటుకోనివ్వదు. రక్తం ఎక్కువ కావలసినప్పుడు నాళాన్ని వదులు చేసేదీ అదే. రక్తంలో షుగర్ మరీ ఎక్కువైతే ఆ పొరలో కణాలు దాన్ని తట్టుకోలేవు. లోపల ఆక్సిజన్‌తో జరగవలసిన పని సరిగ్గా జరగక, అదే ఆక్సిజన్ చెడ్డ రూపంలోకి మారి బయటపడుతుంది. మనకి ప్రాణం పోసేదే, ఆ రూపంలో దేన్ని తాకితే దాన్ని పాడుచేస్తుంది. ఇనుముకి తుప్పు పట్టించేదీ, నిలవ నూనెకి వాసన పుట్టించేదీ గాలే కదండీ. దాన్ని అణచిపెట్టే శక్తి ఒంట్లో ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి ఇదే వరస అయితే ఆ శక్తి చాలదు. పొర గరుకెక్కుతుంది, సందులు పడతాయి. రక్తంలో కొవ్వు ఆ సందుల్లోంచి దూరి, అక్కడ అదీ చెడిపోతుంది. దాన్ని తినడానికి వచ్చిన తెల్లకణాలు తినీ తినీ ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. అప్పుడండి పూడిక. ఏదో ఒకరోజు అది చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టిందా, దారి మూసుకుపోతుంది. ఆ చుట్ట పొగ కూడా ఇదే పని చేస్తుందండి."

మా ఆయన మెల్లగా, "గట్టు లోపల పీతలు బొరియలు పెట్టినట్టన్నమాట" అన్నారు. "పైకి గట్టు బాగానే కనిపిస్తుంది. గండి పడ్డాక గానీ తెలియదు."

"అంతేనండి" అన్నారు డాక్టరు గారు.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. "పొలం గట్టుకైతే తెల్లారేసరికి లేచి బొరియ బొరియా వెతికి మట్టి కొడతారు. ఒంటికి మాత్రం కాజాలు కొట్టుకున్నారు" అన్నాను. నర్సమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. ఇక దాచేదేముందని విరుగుడు బిళ్ళ సంగతి కూడా చెప్పేశాను. డాక్టరు గారికి మాత్రం నవ్వు రాలేదు.

"తీపి తిని పెంచడం, బిళ్ళ మింగి దించడం, ఇదేం పనండీ? అలా ఎక్కడం దిగడం వల్ల ఆ పొర ఇంకా పాడవుతుందని అంటున్నారు. పైగా ఏది షుగర్ డౌనో ఏది గుండెపోటో మీకే తెలియకుండా పోయింది. పంచదార నీళ్ళు ఇవ్వడం తప్పు కాదు. తాగాక కాసేపట్లో తేరుకోకపోతే, ఇది అది కాదని అనుమానపడి పరిగెత్తుకు రావాలి. తగ్గకపోయినా తగ్గిందని కూర్చున్నారు చూడండి, అది తప్పు."

ఆస్పత్రి మంచం మీదే నా చేత ఒట్టు వేయించుకున్నారు మా ఆయన. చుట్ట ఊసెత్తకూడదని కాదు. అది మళ్ళీ ఎవరూ అడక్కుండానే ఆ రోజే మానేశారు. గుండెపోటు ఆ నిడదవోలు ఇంట్లో వచ్చిందని ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. "తాంబూలాల రోజున పెద్దమనిషికి గుండె ఆగబోయిందంటే ఆ పిల్ల నెత్తిన పెడతారే. కాపురానికి వెళ్ళకుండానే నష్టజాతకురాలంటారు" అన్నారు. అది మాత్రం నిజమే. నోరు మూసుకున్నాను. ఆ పిల్ల పెళ్ళికి ఆయన వెళ్ళలేకపోయారు. జ్వరమని కబురు చేశాను.

ఇంటికొచ్చాక మా ఆడపడుచు గారి అల్లుడు ఒక సీసా పట్టుకొచ్చాడు. "యాంటీ ఆక్సిడెంట్ అండి అత్తయ్యగారూ, రోజూ రెండు వేస్తే లోపల తుప్పంతా కడిగేస్తుంది" అన్నాడు. డాక్టరు గారు చెప్పిందానికి అతికినట్టే ఉంది కదా అని ఆశపడి, తర్వాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అడిగాను. "వినడానికి బాగానే ఉంటుందమ్మా. అలా సీసాలో పోసి ఇస్తే గుండె బాగుపడిందని మాత్రం తేలలేదు. షుగర్, బీపీ, కొవ్వు అదుపులో పెట్టండి, మందులు మానకండి, అంతకన్నా మంత్రం లేదు" అన్నారు. సీసా తిరిగి అల్లుడుగారికే పంపించేశాను.

ఏడాది గడిచింది. ఇన్సులిన్ సూది నేనే పొడిచేదాన్ని. పొలం చాలావరకు కౌలుకు ఇచ్చేశాం. కాలవ గట్టు దాకా నడిస్తే ఆయన మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలి. అయినా సంబంధాల కోసం జనం రావడం మానలేదు, వద్దనడం ఆయనకు రానే రాదు. "వెళ్ళండి, నేనూ వస్తాను" అన్నాను. మండపేటలో ఒక రైసుమిల్లు వాళ్ళింట్లో మాట అనుకున్నారు. ఆయన చేతిలో పూతరేకు పెట్టారు. ఆయన నా వంక చూశారు. తినకపోతే సంబంధం పోతుంది, తింటే నేను ఊరుకోను. ఆ మొహం చూడలేక లేచి వెళ్ళి, ఆ చేతిలోంచి పూతరేకు తీసుకుని నా నోట్లో పెట్టుకున్నాను.

"మా ఇద్దరిదీ ఒకటే నోరండి, ఎవరు తిన్నా ఒకటే" అన్నాను.

ఆ ఇంటి ముసలావిడ పకపకా నవ్వేసింది. "నిజమేనర్రా, ఇన్నాళ్ళూ ఆయన నోరు ఆవిడ చేతిలోనేగా ఉంది!" అంది. అందరూ నవ్వారు. సంబంధం నిలబడింది. దాంతో అదే పద్ధతైపోయింది. ఎక్కడికి పిలిచినా ఇద్దరినీ పిలవడం, తీపి నాకు పెట్టడం. ఒకచోట కాజా, ఒకచోట బొబ్బట్టు, మొగల్తూరులో ఒక ఇంట్లో అయితే అరచెయ్యంత నేతి సున్నుండ. అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉండేది. పట్టుచీర కట్టుకుని, కార్లలో తిరిగి, పెద్ద ముత్తయిదువలా పీట మీద కూర్చోవడం ఎవరికి చేదు? ఆయన గుండెను నేను కాపాడుతున్నానన్న ధీమా ఒకటి. కొన్నేళ్ళు అలా గడిచాయి. ఒళ్ళు చేశాను. రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసు కదా అనుకున్నాను.

ఒక వేసవిలో ఎప్పటిలాగే ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్ళాను. ఆయన్ని చూడటం అయ్యాక డాక్టరు గారు నా వైపు తిరిగారు. "ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఆ సీసా నీళ్ళన్నీ మీరే తాగేశారేంటమ్మా?"

"ఎండలండీ."

"వేలు ఇలా ఇవ్వండి."

అప్పటికి చేతిలో పట్టే చిన్న మిషన్లు వచ్చేశాయి. వేలు పొడిచి, చుక్క పెట్టి, అంకె చూసి, మిషన్ బల్ల మీద పెట్టారు. మా ఆయన వంగి ఆ అంకె చూశారు. ఇన్నేళ్ళుగా ఆ అంకెలు చదివీ చదివీ ఆయనకూ వాటి లెక్క తెలిసిపోయింది.

"నావల్లేనాండీ?" అన్నారు మా ఆయన.

"తీపి ఒక్కదానివల్లే రాదండి. వంశం, బరువు, అన్నం, వయసు, అన్నీ కలుస్తాయి" అని ఆయనకు చెప్పి, "మీవాళ్ళలో ఎవరికైనా ఉందా అమ్మా?" అని నన్నడిగారు. మా అమ్మ గుర్తొచ్చింది. పప్పు రుబ్బుతూ రుబ్బుతూ, "గుండెల్లో గ్యాస్ పట్టేసిందే" అని గోడకు జారగిలబడి, ఇక లేవలేదు. ఆవిడకు షుగర్ ఉందో లేదో ఎవరికి తెలుసు? ఆ రోజుల్లో ఆడవాళ్ళ రక్తం ఎవరు చూపించారు కనుక! ఈసీజీ తీశారు, ఇంకేవో పరీక్షలు చేశారు. "మీ గుండె ఇప్పటికి బాగుందమ్మా. మీవారి భాషలో చెప్పాలంటే గట్టు ఇంకా నిలబడే ఉంది. ఇప్పటి నుంచి చూసుకోండి, నిలబడుతుంది. మీకూ నొప్పి రాకపోవచ్చు, అది మర్చిపోకండి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నేనే నవ్వించబోయాను. "మంచిదేలెండి, ఇక కాఫీ రెండు గిన్నెల్లో పెట్టక్కర్లేదు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఊరు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

తర్వాత కుదిరిన సంబంధం మళ్ళీ నిడదవోలులోనే. ఆ ఇంట్లోనే, రెండో పిల్లకు. అదే వాకిలి. పెద్దపిల్ల ఇద్దరు బిడ్డల్ని వేసుకుని వచ్చి, పెద్ద ముత్తయిదువలా హడావిడిగా తిరుగుతోంది. మాటలయ్యాయి. ఆ పెద్దపిల్లే పళ్ళెం తెచ్చింది. మా పద్ధతి అందరికీ తెలిసిందే కనుక నేరుగా నా దగ్గరికి వచ్చి, "పిన్నిగారూ, తీసుకోండి" అంది. అలవాటుగా చెయ్యి చాపాను. ఒక్క కాజాకి ఏమవుతుందిలే, పెళ్ళి మాట కదా అనుకున్నాను. మొహమాటం ఆయనకే ఉందనుకున్నానా, నాకూ అంటుకుంది.

నా చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళలేదు. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. పదిమందిలో నా పక్కన కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి.

"వద్దండి" అన్నారు.

పెళ్ళికొడుకు తండ్రి మొహం మాడిపోయింది. మా ఆయన లేచి నిలబడ్డారు. "సంబంధంలో లోపమేమీ లేదండి. బంగారం లాంటి సంబంధం. లోపం మా రక్తంలో ఉంది. నాకు షుగరు, ఇప్పుడు ఈవిడకీ షుగరు. ఆ రోజు ఈ వాకిట్లో నాకు చెమటలు పట్టింది నీరసం వల్ల కాదండి, గుండెపోటు. అమ్మాయికి మాటొస్తుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ ఇద్దరు బిడ్డల తల్లై చల్లగా ఉంది కాబట్టి చెబుతున్నాను. మమ్మల్ని క్షమించి, తీపి తప్ప ఏదైనా ఇవ్వండి, తింటాం."

పెద్దపిల్ల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కళ్ళనిండా నీళ్ళు. ఆ పిల్ల నాయనమ్మ మాత్రం అరుగు మీంచి గట్టిగా అంది. "అయ్యో నాయనా, ముందే చెప్పొచ్చు కదయ్యా! ఈ ఇంట్లో ముగ్గురికి ఉంది. నేను కాజా తిని ఎన్నాళ్ళయిందో! ఒసే, పెరట్లో దోర జామకాయలున్నాయి, కోసుకురండే." జామకాయ ముక్క చెరొకటి తిన్నాం. పెళ్ళికొడుకు తండ్రీ ఒక ముక్క అడిగి పుచ్చుకున్నాడు, ఆయనకూ ఉందట. తాంబూలాలు మార్చుకున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

కారెక్కాక నాకు ఆగలేదు. "నోట్లో ముత్యాలు రాలిపోతాయా! ఈ ఒక్క మాట ఆ రోజు అనుంటే మీ గుండె మీకుండేది కదండీ. ఇన్నేళ్ళ బట్టీ చెవినిల్లు కట్టుకుని చెప్పాను. ఆ రోజు రాని మాట ఇవాళ ఎలా వచ్చింది?" అని అరిచాను. డ్రైవరు వింటాడని కూడా చూడలేదు.

ఆయన కిటికీ వైపు చూస్తూనే అన్నారు. "అప్పుడు పోతే నా ఒక్కడి ప్రాణమే కదా అనుకున్నానే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. గోదావరి వంతెన దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు. వాకిట్లో పట్టుకున్న చెయ్యి ఆయన ఇంకా వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.